నడుము నొప్పికి గట్టి పరుపే మందా? దన్ను వేరు, గట్టిదనం వేరు

నడుము నొప్పి అనగానే వినిపించే మొదటి సలహా గట్టి పరుపు. అసలు పరుపే వద్దు, చెక్కబల్ల మీద పడుకోమనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. మధ్యలో కుంగిన మంచం మీద నడుము రాత్రంతా వంగి ఉండి తెల్లారేసరికి పట్టేస్తుంది. అక్కడి నుంచి బల్ల మీదికి మారినవారికి కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అయితే ఆ మేలు చేసింది ఒంటికి గట్టిగా తగిలిన చెక్క కాదు, పిరుదుల భాగం కిందికి జారకుండా ఆగడం. ఈ తేడా తెలియకనే చాలామంది నడుము నొప్పి తగ్గించుకోబోయి భుజం నొప్పి, తుంటి నొప్పి కొనితెచ్చుకుంటున్నారు.

పరుపు చేయాల్సిన పనులు రెండు. ఒకటి దన్ను ఇవ్వడం, అంటే శరీరంలో బరువైన భాగాలు మోతాదు మించి దిగకుండా ఆపడం. ఇది అడుగు పొరల పని. రెండోది ఒత్తిడిని పంచడం. భుజం, తుంటి, మడమ లాంటి ఎముక తేలిన చోట్ల బరువంతా ఒకే చోట పడకుండా చుట్టుపక్కలకు సర్దాలి. ఇది పై పొర పని. గట్టి, మెత్తన అనే మాటలు ఈ రెంటినీ కలిపేస్తాయి. అడుగున గట్టి పొర, పైన మెత్తటి పొర ఉన్న పరుపు చేత్తో నొక్కితే మెత్తగానే తోస్తుంది, పడుకుంటే మాత్రం నడుమును చక్కగా ఆపుతుంది. దళసరి గుడ్డ బిగించి లోపల నాసిరకం ఫోమ్ నింపిన పరుపు చేతికి గట్టిగా తగులుతుంది, కొన్ని నెలలకే మధ్యలో గుంట పడుతుంది. కీళ్ల నొప్పులున్నవారికి కావాల్సింది మొదటి రకం.

పరిశోధనలో తేలింది

ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించే పరిశోధన స్పెయిన్‌లో జరిగింది, 2003లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చింది. ప్రత్యేక కారణమంటూ దొరకని దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 313 మందిని రెండు వర్గాలు చేసి, ఒకరికి గట్టి పరుపు, మరొకరికి మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపు ఇచ్చారు. ఎవరిది ఏ రకమో వారికి చెప్పలేదు. 90 రోజుల తర్వాత చూస్తే పక్క మీద ఉన్నప్పటి నొప్పి, లేచేటప్పటి నొప్పి, రోజువారీ పనుల్లో ఇబ్బంది ఈ మూడింటిలోనూ మధ్యస్థ పరుపు వాడినవారి పరిస్థితే మెరుగ్గా ఉంది. 2008లో డెన్మార్క్‌లో 160 మంది మీద చేసిన మరో పరిశోధనలో నీటి పరుపు, ఒంటి ఆకారానికి ఒదిగే ఫోమ్ పరుపు, గట్టి పరుపు పోల్చి చూశారు. అక్కడా గట్టి పరుపే వెనకబడింది, కాకపోతే తేడాలు చిన్నవి.

ఆ స్పెయిన్ పరిశోధనలోని అంకెలు కొనేవారికి చాలా ముఖ్యం. వారు వాడిన ఐరోపా కొలబద్దలో 1 అంటే అన్నిటికంటే గట్టిది, 10 అంటే అన్నిటికంటే మెత్తనిది. గట్టి పరుపు విలువ 2.3, మధ్యస్థ పరుపు విలువ 5.6. దుకాణాల్లో కనిపించే పది అంకెల కొలత మామూలుగా దీనికి తలకిందులుగా ఉంటుంది, అక్కడ 10 అంటే గట్టిది. పైగా ఆ అంకె ఏ కంపెనీకి ఆ కంపెనీ సొంతంగా వేసుకునేది. ఒకరి 6, ఇంకొకరి 7 కంటే గట్టిగా ఉండవచ్చు. కాబట్టి కొలబద్ద నడిమి ప్రాంతం నుంచి వెతుకులాట మొదలుపెట్టాలన్నంత వరకే ఆ అంకెను నమ్మాలి.

‘ఆర్థోపెడిక్’ అన్న ముద్ర సంగతీ అంతే. ఇన్ని న్యూటన్ల గట్టిదనం ఉంటేనే ఆ పేరు పెట్టాలన్న వైద్య ప్రమాణం ఏదీ లేదు. గట్టి పరుపులకు తగిలించే వ్యాపార పదం అది. ఆ ముద్ర ఉన్నవాటిలో మంచివీ ఉన్నాయి, భుజం ఆనించలేనంత కర్కశమైనవీ ఉన్నాయి.

ముందు తేల్చుకోవాల్సింది: నొప్పి పరుపుదేనా?

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు పగలంతా బరువు మోస్తూ కొంత నీరు కోల్పోతాయి, రాత్రి పడుకున్నాక దాన్ని తిరిగి పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే మనిషి సాయంత్రం కంటే ఉదయం సెంటీమీటరు, ఆపైన ఎత్తు ఉంటాడు. ఉబ్బిన డిస్కు మీద వంగితే ఒత్తిడి ఎక్కువ. లేచాక కాసేపు నడుము బిగుసుకున్నట్టు ఉండడానికి ఇదీ ఒక కారణం, ఎంత మంచి పరుపైనా దీన్ని పూర్తిగా తీసేయలేదు. లేచిన తర్వాత మొదటి గంట, రెండు గంటలు ముందుకు వంగే పనులు తగ్గించుకున్నవారిలో దీర్ఘకాలిక నడుము నొప్పి తగ్గినట్టు 1998లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. పరుపు మార్చే ముందు ఖర్చు లేని ఈ మార్పు చేసి చూడడం తెలివైన పని.

నొప్పి ఎప్పుడు వస్తోందన్నది చాలా చెబుతుంది. పడుకునేటప్పుడు బాగానే ఉండి, లేచేసరికి నొప్పి ఉండి, నడిచాక అరగంటలో సర్దుకుంటే పరుపును అనుమానించవచ్చు. ఇతర చోట్ల పడుకున్నప్పుడు హాయిగా ఉండి సొంత మంచం మీదే నొప్పి వస్తుంటే అనుమానం బలపడుతుంది. సాయంత్రానికి పెరిగి, పడుకోగానే తగ్గే నొప్పికి పరుపుతో సంబంధం తక్కువ. ఉదయం బిగుసుకుపోవడం అరగంట దాటి గంట, రెండు గంటలు సాగుతున్నా, తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చి లేచి తిరిగితే తగ్గుతున్నా అది వాపుతో కూడిన కీళ్ల జబ్బు కావచ్చు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఈ కోవలోవి. వీటికి మందులు కావాలి. ఎలా పడుకున్నా రాత్రి తగ్గని నొప్పి, దానితో జ్వరం, కారణం తెలియకుండా బరువు తగ్గడం ఉంటే పరుపు దుకాణానికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కాళ్లలో బలం తగ్గడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, మూత్రం మీద పట్టు తప్పడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి చేరాలి.

అనుమానం పరుపు మీదే ఉంటే దాన్ని పరీక్షించడానికి ఒక దారం, ఒక స్కేలు చాలు. దుప్పట్లు తీసేసి, పరుపు అడ్డంగా ఒక అంచు నుంచి రెండో అంచు వరకు దారాన్ని బిగువుగా పట్టాలి. పిరుదులు ఆనే చోట దారానికీ పరుపుకూ మధ్య ఎంత ఎడం ఉందో కొలవాలి. 2.5 సెంటీమీటర్లు దాటితే ఆ పరుపు వెన్నును వంచుతున్నట్టే. వారంటీలు మాత్రం చాలావరకు 2.5 నుంచి 4 సెంటీమీటర్ల గుంట పడితేనే వర్తిస్తాయి, ఆ హద్దు కాగితంలో చూసుకోవాలి. ఈ పరీక్షకు ఒక లోపం ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు సమంగానే కనిపించి, మనిషి పడుకోగానే ఆ చోట మాత్రం దిగిపోయే ఫోమ్‌లు ఉంటాయి. దీన్ని పట్టుకోవాలంటే రోజూ పడుకునే చోట ఒక మోకాలు, ఎవరూ పడుకోని మూల దగ్గర ఇంకో మోకాలు ఆనించి బరువు మార్చి చూడాలి. రెండు చోట్లా దిగుడులో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

తప్పు పరుపుది కాకుండా మంచానిది కూడా కావచ్చు. పరుపును నాలుగైదు రాత్రులు నేల మీద వేసి పడుకుంటే విషయం తేలిపోతుంది. నొప్పి తగ్గితే మంచం అడుగును సరిచేయాలి, కొత్త పరుపు అక్కర్లేదు. ఫోమ్, లేటెక్స్ (రబ్బరు నురగ) పరుపుల కింద మంచం పట్టీల మధ్య ఎడం 7–8 సెంటీమీటర్లకు మించితే పరుపు ఆ సందుల్లోకి దిగుతుంది. డబుల్ కాట్‌కు మధ్యలో పొడవునా ఒక దూలం, దానికి నేల దాకా ఆనే కాలు ఉండాలి. లేకపోతే ఎంత ఖరీదైన పరుపైనా నడిమికి జారుతుంది. నేల మీదే ఎక్కువ కాలం ఉంచితే మాత్రం అడుగున చెమ్మ చేరి బూజు పడుతుంది. ఇది పరీక్షకే తప్ప శాశ్వత ఏర్పాటుకు పనికిరాదు.

పడుకునే తీరు, ఒంటి బరువు

ఒకే పరుపు ఇద్దరికి వేర్వేరుగా అనిపించడానికి పెద్ద కారణం బరువు. 50 కిలోల మనిషి పై పొరను మాత్రమే నొక్కగలడు, అడుగున ఉన్న గట్టి పొర దాకా అతని బరువు చేరదు. అదే పరుపు మీద 100 కిలోల మనిషి పై పొరను దాటి అడుగు దాకా దిగుతాడు. అందుకే ఒకరు గట్టిగా ఉందన్నది ఇంకొకరికి మెత్తగా తోస్తుంది. వాడినవారు రాసిన అభిప్రాయాలు చదివేటప్పుడు రాసినవారి బరువు, పడుకునే తీరు తెలియకపోతే ఆ మాటల్లో పనికొచ్చేది చాలా తక్కువ.

వెల్లకిలా పడుకునేవారికి బరువు వీపంతా పరుచుకుంటుంది కాబట్టి నడిమి రకం, దానికి కాస్త గట్టి వైపు సరిపోతుంది. పిరుదులు కొంచెం దిగాలి, నడుము వంపులో ఉన్న ఖాళీని పై పొర నింపాలి. ఒత్తిగిలి పడుకునేవారి సంగతి వేరు. అక్కడ బరువంతా భుజం, తుంటి అనే రెండు చిన్న చోట్ల పడుతుంది. గట్టి పరుపు మీద భుజం దిగదు, దాంతో పైవీపు ఎత్తుగా నిలిచి నడుము కిందికి వేలాడుతుంది. మరీ మెత్తటి పరుపు మీద తుంటి లోతుగా పోయి నడుము పక్కకు వంగుతుంది. వీరికి పైన 5 నుంచి 7 సెంటీమీటర్ల మెత్తటి పొర, కింద గట్టి ఆధారం ఉన్నది మేలు. నడుము సన్నగా, తుంటి వెడల్పుగా ఉన్నవారికి ఈ పై పొర ఇంకా అవసరం. బోర్లా పడుకుంటే పొట్ట భాగం దిగి నడుము విల్లులా వెనక్కి వంగుతుంది, మెడ గంటల తరబడి పక్కకు తిరిగే ఉంటుంది. నడుము, మెడ నొప్పులున్నవారు ఆ అలవాటు మానుకోవడమే మంచిది. మానలేకపోతే గట్టి పరుపు, పొట్ట కింద పలచని దిండు, తల కింద దిండు లేకపోవడం కొంత నయం.

కాబట్టి 60 కిలోల లోపు ఉండి ఒత్తిగిలి పడుకునేవారు నడిమి రకంలో మెత్తటి వైపు మొదలుపెట్టవచ్చు. 60 నుంచి 100 కిలోల మధ్య ఉన్నవారికి నడిమి రకం. 100 కిలోలు దాటినవారు గట్టి వైపు చూడాలి, మందం కూడా 25 సెంటీమీటర్లకు తగ్గకుండా తీసుకోవాలి. ఇవి అనుభవం మీద వేసుకున్న గీతలు, సరిహద్దులు కావు.

ఏ కీలు నొప్పికి ఏది

నడుములో వెన్ను కాలువ ఇరుకైనవారికి, అంటే స్పైనల్ స్టెనోసిస్ ఉన్నవారికి, నడుము కాస్త ముందుకు వంగి ఉంటే నరాల మీద ఒత్తిడి తగ్గుతుంది. వెల్లకిలా కాళ్లు చాపితే నొప్పి పెరుగుతుంది. మోకాళ్లు ముడిచి ఒత్తిగిలి పడుకోవడం, వెల్లకిలా అయితే మోకాళ్ల కింద దిండు వారికి హాయి. అంటే పరుపు పై పొర ఒత్తిగిలి పడుకోవడానికి తగినట్టు ఉండాలి. డిస్కు జారి కాలిలోకి నొప్పి పాకేవారిలో చాలామందికి ఇందుకు భిన్నంగా, బాగా ముడుచుకుంటేనే బాధ ఎక్కువ. వారికి కుంగే పరుపు శత్రువు.

తుంటి బయటి వైపు నొప్పి, ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం చాలామంది నడివయసు మహిళల్లో కనిపిస్తుంది. తుంటి ఎముక పైనున్న కండర బంధనాలు ఒరుసుకుపోయి వచ్చే బాధ ఇది. గట్టి పరుపు దీన్ని నేరుగా పెంచుతుంది. నొప్పి లేని పక్కకు తిరిగినా పైనున్న కాలు కిందికి వాలి అవే బంధనాలు సాగుతాయి. రెండు మోకాళ్ల మధ్య నుంచి చీలమండల దాకా పొడవైన దిండు పెట్టాలి. ఒక్క మోకాళ్ల మధ్యే చిన్న దిండు పెడితే పాదం కిందికి వేలాడి తుంటి మెలి తిరుగుతుంది. ఇది చాలామంది చేసే పొరపాటు.

భుజం నొప్పి ఉన్నవారికి పై పొర మెత్తదనమే కీలకం. నొప్పి భుజం పైకి ఉండేలా తిరిగి, ఛాతీ ముందు ఒక దిండు పెట్టుకుని ఆ చేతిని దాని మీద వాల్చితే భుజం ముందుకు జారకుండా ఉంటుంది.

మోకాలు అరిగినవారు మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, కానీ రాత్రంతా, నెలల తరబడి అలాగే ఉంచితే మోకాలు వంగిన స్థితికి అలవాటు పడి పూర్తిగా చాచడం కష్టమవుతుంది. మోకీలు మార్పిడి చేయించుకున్నవారిని ఈ అలవాటు వద్దని ప్రత్యేకంగా హెచ్చరించేది ఇందుకే. అలాంటివారికి వెల్లకిలా పడుకున్నప్పుడు నడుముకు కావాల్సిన ఊతం దిండు నుంచి కాకుండా పరుపు నుంచే రావాలి. అంటే పై పొర ఎంపిక వారికి ఇంకా ముఖ్యం.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో వెన్ను ముందుకు వంగి బిగుసుకుపోయే ముప్పు ఉంటుంది. అందుకే సమతలంగా ఉండే, దన్ను బాగా ఉన్న పరుపు, పలచని దిండు సూచిస్తారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ మెడ దాకా పాకినవారు దిండు ఎత్తు విషయంలో సొంత ప్రయోగాలు చేయకుండా డాక్టరును అడగాలి.

కీళ్ల నొప్పులున్నవారి విషయంలో గట్టి, మెత్తన అన్న చర్చలో పడి మరిచిపోయే అంశం పక్కకు తిరగడం. నిద్రలో మనిషి చాలాసార్లు దొర్లుతాడు. ఒంటి అచ్చు పడేంత లోతుగా దిగే మెమరీ ఫోమ్‌లో ప్రతిసారీ ఆ గుంట అంచు ఎక్కి దొర్లాలి. తుంటి, మోకాలు, భుజం నొప్పులున్నవారికి అది శ్రమ, ప్రతి దొర్లుకూ మెలకువ. లేటెక్స్, పాకెట్ స్ప్రింగ్ (విడివిడి సంచుల్లో స్ప్రింగులున్న) పరుపులు వెంటనే పైకి తన్నుతాయి కాబట్టి తిరగడం తేలిక. మోచేతి మీద బలం వేసి లేవాల్సి వస్తోందా అన్నది దుకాణంలోనే చూసుకోవచ్చు.

మంచం ఎత్తు కూడా ఇంతే ముఖ్యం. అంచున కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆని, తుంటి మోకాళ్ల ఎత్తులోనో కొంచెం పైనో ఉండాలి. మోకాలి మడత నుంచి నేల దాకా కొలిచి, కూర్చున్నప్పుడు అంచు దిగే 4–5 సెంటీమీటర్లు దానికి కలిపితే కావాల్సిన మొత్తం ఎత్తు వస్తుంది. పాత మంచం మీద 10 సెంటీమీటర్ల పరుపు తీసి 25 సెంటీమీటర్లది వేస్తే పాదాలు గాలిలో వేలాడతాయి. పొట్టివారికి, రాత్రి లేచే పెద్దవారికి అది పడిపోయే ప్రమాదం. ఇక మరీ తక్కువ ఎత్తు మంచం నుంచి లేవడం అరిగిన మోకాళ్లకు నరకం. అంచు మెత్తగా జారిపోయే పరుపైతే కొలత సరిగ్గా ఉన్నా లేచేటప్పుడు ఆసరా దొరకదు.

లోపల ఏముందో అడగాలి

ఫోమ్ విషయంలో ఎక్కువగా జరిగే మోసం సాంద్రతను గట్టిదనంగా చెప్పడం. సాంద్రత అంటే ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నది. అది మన్నికను చెబుతుంది. గట్టిదనం వేరే కొలత. నాలుగు అంగుళాల మందం ముక్కను 50 చదరపు అంగుళాల గుండ్రటి పళ్లెంతో 25 శాతం లోతుకు నొక్కడానికి ఎంత బలం పట్టిందన్నది ఆ కొలత. ఒకే సాంద్రతలో గట్టి ఫోమ్, మెత్తటి ఫోమ్ రెండూ తయారవుతాయి. 65 శాతం లోతుకు నొక్కడానికి పట్టే బలాన్ని 25 శాతం దగ్గరి బలంతో భాగిస్తే వచ్చే అంకెను సపోర్ట్ ఫ్యాక్టర్ అంటారు. నొప్పులున్నవారికి అన్నిటికంటే పనికొచ్చే అంకె ఇదే. పైన మెత్తగా తగిలి, లోతుకు వెళ్లే కొద్దీ ఎంత బాగా ఎదురు నిలుస్తుందో ఇది చెబుతుంది. మామూలు ఫోమ్‌లో ఇది 2 దగ్గర ఉంటే, నొక్కి వదిలితే చురుగ్గా పైకి లేచే హై రెజిలియన్స్ ఫోమ్‌లో 2.4, ఆపైన ఉంటుంది. లేటెక్స్‌లో ఇంకా ఎక్కువ. అమ్మేవారి దగ్గర ఈ అంకె దొరక్కపోవచ్చు, సాంద్రత మాత్రం తప్పక అడగాలి. రోజూ పడుకునే పరుపు అడుగు పొరకు 30–32 కిలోలకు తగ్గితే త్వరగా గుంట పడుతుంది. బరువైనవారికి 40 మంచిది. మెమరీ ఫోమ్ అయితే 50, ఆపైన చూడాలి.

మెమరీ ఫోమ్ 1966లో నాసా కోసం విమాన సీట్ల పని మీద పుట్టింది. ఒంటి వేడికి మెత్తబడి ఆకారానికి ఒదుగుతుంది, ఒత్తిడి పంచడంలో దీనికి పేరు. అయితే చల్లటి గదిలో గట్టిగా, వేడి గదిలో మెత్తగా మారుతుంది. ఏసీ దుకాణంలో పది నిమిషాలు పడుకుని ‘సరైన గట్టిదనం’ అనుకున్నది ఇంట్లో ఉక్కపోత రాత్రి ఇంకో పరుపులా ప్రవర్తిస్తుంది.

లేటెక్స్‌లో డన్‌లప్ పద్ధతిలో చేసినది కొంచెం దట్టంగా, అడుగు వైపు ఇంకా గట్టిగా ఉంటుంది. తలాలే పద్ధతిలో చేసినది గాలి ఎక్కువగా పట్టి మెత్తగా ఉంటుంది. డన్‌లప్ అడుగు, తలాలే పైపొర కీళ్ల నొప్పులకు మంచి జోడీ. స్ప్రింగుల్లో ఒకదానికొకటి తీగతో ముడిపడిన బొన్నెల్ రకం కంటే విడివిడి సంచుల్లో ఉండే పాకెట్ స్ప్రింగ్ మేలు. భుజం కింది స్ప్రింగ్ దిగినా నడుము కిందిది నిలబడుతుంది, పక్కవారు కదిలినా కుదుపు తక్కువ. తీగ గేజ్ అంకె తగ్గే కొద్దీ తీగ లావు, పరుపు గట్టి.

ఫోమ్ తుక్కును జిగురుతో అదిమి చేసే రీబాండెడ్ ఫోమ్, రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు రెండూ బాగా గట్టివి. ‘ఆర్థోపెడిక్’ పేరుతో అమ్మేవాటిలో ఇవి తరచూ ఉంటాయి. అడుగు పొరగా పర్వాలేదు. వాటి మీద రెండు సెంటీమీటర్ల పలచని ఫోమ్ వేసి గుడ్డ కుట్టిన పరుపు మీద ఒత్తిగిలి పడుకోవడం మాత్రం కష్టం. పీచు పరుపు ఏళ్లు గడిచే కొద్దీ పడుకునే చోట నలిగి పొడి రాలుతుంది. దూది పరుపు కొత్తలో బాగుంటుంది, ఉండలు కట్టాక ఏకించకపోతే ఎత్తుపల్లాలవుతుంది.

దుకాణంలో ఎలా చూడాలి

చేత్తో నొక్కడం, అంచున కూర్చుని ఊగడం వల్ల తెలిసేది ఏమీ లేదు. రోజూ పడుకునే భంగిమలో, రోజూ వాడే దిండు ఎత్తుతో, కనీసం 10–15 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. అమ్మేవారు పక్కన నిలబడితే మొహమాటపడి మూడు నిమిషాలకే లేచేవారు ఎక్కువ. అంత తక్కువ సేపట్లో ఏ పరుపైనా హాయిగానే ఉంటుంది.

వెల్లకిలా పడుకుని నడుము వంపు కిందికి అరచేతిని నేలబారుగా జరిపి చూడాలి. చేయి ఏ అడ్డూ లేకుండా ఇటు నుంచి అటు దూసుకుపోతే పరుపు గట్టి. చేయి దూరడానికే చోటు లేక, బయటికి లాగితే నడుము కదిలితే మెత్తన. కొంచెం ఒరుసుకుంటూ దూరితే సరైనది. ఒత్తిగిలి పడుకునేవారు వెంట ఇంకొకరిని తీసుకెళ్లాలి. వారు వెనక నుంచి పరుపు ఎత్తులో ఫోన్ పట్టుకుని ఫోటో తీయాలి. మెడ మొదట్లో ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుంచి నడుము కింది దాకా ఒక గీత ఊహించుకుంటే అది దాదాపు తిన్నగా ఉండాలి. నడుము దగ్గర గీత కిందికి జారితే తుంటి ఎక్కువ దిగుతోంది. భుజాల దగ్గర పైకి లేచి ఉంటే భుజం దిగడం లేదు. వదులు చొక్కా ఈ తేడాను దాచేస్తుంది, ఒంటిని అంటిపెట్టుకున్న బట్టలతో వెళ్లాలి.

ఇద్దరు పడుకునే మంచమైతే ఇద్దరూ ఒకేసారి పడుకుని చూడాలి. బరువుల్లో 25–30 కిలోల తేడా ఉంటే ఒకే గట్టిదనం ఇద్దరికీ సరిపోవడం అరుదు. ఒకే ఎత్తున్న రెండు సింగిల్ పరుపులు పక్కపక్కన వేసి పైన ఒకే దుప్పటి పరచడం చవకైన, మంచి పరిష్కారం.

ఇంటికి తెచ్చాక

కొత్త పరుపు మీద మొదటి రెండు వారాలు ఒళ్లు నొప్పులు రావడం మామూలే. పాత గుంటకు అలవాటు పడిన కండరాలు సర్దుకోవాలి, ఫోమ్ కూడా మొదటి వారాల్లో కొంత మెత్తబడుతుంది. అందుకే రెండో రోజే తీర్పు చెప్పకూడదు, తిరిగి ఇచ్చే గడువు దాటేదాకా ఊరుకోనూ కూడదు. 30 రాత్రులైనా ప్రయత్నించడానికి వీలిచ్చే అమ్మకందారును ఎంచుకుని, రోజూ లేవగానే నాలుగు విషయాలు రాసుకోవాలి: నొప్పి ఎక్కడ, పదికి ఎంత, బిగుతు ఎన్ని నిమిషాలకు వదిలింది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. పరుపు మారితే దిండూ మారాల్సి రావచ్చు. మెత్తటి పరుపులో భుజం దిగుతుంది కాబట్టి పాత దిండు ఎత్తయిపోతుంది, గట్టి పరుపు మీద అదే దిండు చాలదు. కొత్తగా మెడ నొప్పి మొదలైతే ముందు దిండు మార్చాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి తల వైపు, కాళ్ల వైపు తిప్పి వేస్తే గుంట ఆలస్యంగా పడుతుంది. పై పొర ఒకవైపే ఉన్న పరుపును బోర్లించకూడదు.

మూడు, నాలుగు వారాలు గడిచాక ఆ కాగితం చూస్తే ఏం చేయాలో తెలుస్తుంది. భుజం, తుంటి నొప్పిగా ఉండి, చేతులు తిమ్మిరెక్కుతూ, నడుము మాత్రం బాగుంటే దన్ను సరిపోయింది, పై పొర చాలలేదు. 5 సెంటీమీటర్ల లేటెక్స్ లేదా మెమరీ ఫోమ్ టాపర్, అంటే పరుపు మీద విడిగా పరిచే పొర, వేస్తే పని అయిపోతుంది. భుజం, తుంటి హాయిగా ఉండి నడుము మాత్రం నొప్పిగా లేస్తుంటే అడుగు పొర కుంగుతోంది. దీనికి టాపర్ మందు కాదు. గట్టి టాపర్ వేసినా అది కింది గుంటలోకే వంగుతుంది. గడువు లోపలే తిరిగి ఇచ్చేయాలి. రెండు రకాల మధ్య తేల్చుకోలేనప్పుడు కొంచెం గట్టిదాన్నే కొనమని చెప్పడానికి కారణం ఇదే. గట్టిదాన్ని తర్వాత మెత్తబరచవచ్చు, కుంగేదాన్ని నిలబెట్టలేం.